పాత కేసు - కొత్త ఉద్యోగం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయం "కంప్యూటరు రంగంలో మన పిల్లలకు అవకాశాలు". దాని మీద నాలుగు మాటలు రాసిపెట్టుకొన్నాను కూడా. కాని గత నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఇస్నాపూర్ నుండి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. వెంట ఇరవై రెండేళ్ళ కొడుకు. డిప్లొమా చదివాడు. పగలు ఒక మందుల గోదాములో పనిచేస్తూ, రాత్రిపూట ఏడాదిన్నర పాటు ప్రోగ్రామింగు నేర్చుకొన్నాడు. హైదరాబాదులో ఒక కంపెనీవారు మూడుసార్లు పరీక్షించి ఎంపిక చేశారు. ఇల్లంతా సంతోషించవలసిన సమయం. కాని ఆ కంపెనీ పంపిన ఫారంలో ఒక ప్రశ్న ఉన్నది: "మీరు ఎప్పుడైనా అరెస్టు అయ్యారా? మీ మీద ఏదైనా క్రిమినల్ కేసు నడిచినదా?"

ఈ అబ్బాయి పందొమ్మిదేళ్ళ వయసులో క్రికెట్ ఆట దగ్గర జరిగిన కొట్లాటలో పట్టుబడ్డాడు. ఒక రాత్రి ఠాణాలో ఉన్నాడు. ఆ తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయి కేసు ముగిసిపోయింది.

"భయ్యా, 'లేదు' అని రాస్తే అయిపోతది గదా? అందరూ అట్లనే రాయమంటున్నరు" అన్నది ఆ తల్లి. కొడుకు తల వంచుకొని కూర్చున్నాడు.

ఆమెకు జవాబు చెప్పాలంటే ముందు నా కథ చెప్పక తప్పలేదు. అది మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఈ సభలో చాలామందికి తెలియదు. ఒక తల్లికి చెప్పిన మాట నలుగురికీ ఉపయోగపడుతుందేమోనని, ఇచ్చిన విషయం పక్కన పెట్టి, ఈ రోజు మీ అందరికీ అదే మనవి చేస్తున్నాను. కార్యదర్శిగారు మన్నించాలి.

సంగారెడ్డి పాత జైలు మీ అందరికీ తెలుసు. 1796లో కట్టినదని చెబుతారు. 2012 దాకా అందులో ఖైదీలు ఉన్నారు. తర్వాత జైలును కందికి మార్చి, పాతదానిని మ్యూజియం చేశారు. 2016లో జైళ్ళ శాఖవారు అక్కడ ఒక కొత్త ఏర్పాటు చేశారు. అప్పట్లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలాగా ఉండనిచ్చేవారు. ఖద్దరు బట్టలు, పళ్ళెం, గ్లాసు ఇచ్చేవారు. జైలు భోజనం పెట్టేవారు. దేశమంతటా పత్రికలు రాశాయి. ఒక రోజు ఉండి, ఫోటోలు దిగి, నవ్వుతూ బయటికి వచ్చినవారిని చూశాము.

నేను అదే జైలులో 2003లో తొమ్మిది రోజులు ఉన్నాను. ఎవరికీ 500 రూపాయలు కట్టలేదు. నవ్వుతూ బయటికి రాలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం. సెలవుల్లో ఈ పటాన్‌చెరు ప్రాంతంలోనే ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కూలీగా చేరాను. మూడు నెలల జీతం బకాయి పడితే కూలీలంతా గేటు ముందు కూర్చున్నారు. తోపులాట జరిగింది. ఎవరో గుమాస్తా మీద చేయి చేసికొన్నారు. పోలీసులు వచ్చి, దొరికిన పదకొండు మందిని వ్యానులో ఎక్కించారు. అందులో నేనొకణ్ణి. మిగతావారికి జామీనుదార్లు దొరికారు, రెండు మూడు రోజుల్లో బయటికి వెళ్ళారు. మా అబ్బాకు పట్టా కాగితాలున్న మనిషి దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది.

నాలుగేళ్ళు వాయిదాలకు తిరిగాను. 2007లో కోర్టు కేసు కొట్టివేసింది. తీర్పు రెండు పేజీలు. అది విని మా అమ్మీ మిఠాయి పంచింది. నేను ఆ తీర్పు నకలు కూడా తీసుకోలేదు. అయిపోయింది కదా, ఇక ఆ కాగితంతో పనేమిటి అనుకొన్నాను. అది నా మొదటి తప్పు.

ఈలోపల 218 నంబరు బస్సు పట్టుకొని అమీర్‌పేట వెళ్ళి జావా, డేటాబేసు నేర్చుకొన్నాను. 2008లో ఒక కంపెనీలో చేరాను. ఆ ఫారంలోనూ ఇదే ప్రశ్న. "లేదు" అని రాశాను. అది రెండో తప్పు.

ఆ ఒక్క మాట నన్ను మూడేళ్ళు వెంటాడింది. ఆఫీసులో ఎవరైనా "నీతో ఒక మాట మాట్లాడాలి" అంటే గుండె జారిపోయేది. 2011లో నన్ను అమెరికా పంపుదామన్నారు. వీసా దరఖాస్తులో వాళ్ళు అడిగేది శిక్ష పడిందా అని మాత్రమే కాదు, ఎప్పుడైనా అరెస్టు అయ్యావా అని కూడా. అక్కడ అబద్ధం రాయడానికి చేయి రాలేదు. మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి ఉన్న విషయం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "కేసు కొట్టేశారు కదా. మొదట్లోనే ఆ తీర్పు చూపించి ఉంటే తీసుకొనేవాళ్ళమేమో. ఇప్పుడు ఫారంలో అబద్ధం రాసినవాణ్ణి ఉంచుకొనే వీలు లేదు."

వారం రోజుల్లో ఉద్యోగం పోయింది. ఆ కంపెనీ పేరు చెప్పను, వారిని తప్పు పట్టను. నన్ను ఇంటికి పంపించినది 2003 నాటి అరెస్టు కాదు, 2008లో నేను రాసిన "లేదు".

పదునాలుగు నెలలు పని లేదు. ఆ రోజుల్లో తెలిసినవారి గోదాముకు సరుకుల లెక్క చూసే ప్రోగ్రాము ఒకటి రాసి ఇచ్చాను. ఏ మందు ఏ బ్యాచీది, ఎప్పుడు గడువు తీరుతుంది అన్నది తెరమీద చూపించేది. ఒక చిన్న కంపెనీ యజమాని దానిని చూసి కబురు చేశాడు. ఈసారి నేనే ముందుగా తీర్పు నకలు ఆయన బల్లమీద పెట్టాను. రెండు పేజీలూ చదివాడు. మడిచి తిరిగి ఇచ్చాడు. "సరే, ఈ ప్రోగ్రాములో బ్యాచ్ నంబరు తప్పుగా ఎక్కిస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. ఆ రోజునుండి ఇప్పటిదాకా నా పనిని గురించిన ప్రశ్నలే వస్తున్నాయి. తర్వాత వీసా కూడా, కాగితాలు చూపించిన మీదట, కొంత ఆలస్యంగా వచ్చింది.

నాది ఒక్కడి కథ. ఇటువంటివారు ఎందరో ఉన్నారు. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్ళలో ఉన్నవారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే ఇంకా తీర్పు రానివారు. జైలుకు వెళ్ళడం వేరు, నేరం రుజువు కావడం వేరు. లోకం మాత్రం రెండింటినీ ఒకే మూటలో కడుతుంది.

మన రాజధానిలో జరిగినదే చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పదుల సంఖ్యలో మన యువకులను పట్టుకొని విచారించారు. చదువులు ఆగినవారున్నారు, ఉద్యోగాలు పోయినవారున్నారు. వారిలో కేసులు నడిచినవారిని కోర్టులు నిర్దోషులన్నాయి. 2012 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున. దానితోపాటు సత్ప్రవర్తన పత్రాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వులను కొట్టివేసింది. డబ్బు సంగతి అలా ఉంచండి. నిర్దోషి అని కోర్టు చెప్పిన తర్వాత కూడా, ఉద్యోగమిచ్చేవాడికి చూపించడానికి ఒక కాగితం కావాలని ప్రభుత్వమే గుర్తించింది. మనం గమనించవలసినది అది.

ఇక న్యాయస్థానాలు ఏమన్నాయో చెబుతాను. నేను వకీలును కాను. నాకు అవసరమై చదువుకొన్నంత మటుకు చెబుతాను.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. అరెస్టు గాని, కేసు గాని, విడుదల గాని, అడిగినప్పుడు నిజమే రాయాలి. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, యజమాని పరిశీలించవచ్చు. దాచిన విషయం చిన్నదైతే యజమాని మన్నించవచ్చు కూడా. అడగని విషయం చెప్పలేదని మాత్రం తప్పు పట్టరాదు. అంతకు ముందు 2011లో సందీప్ కుమార్ కేసులో అదే కోర్టు, కుర్రతనంలో చేసిన పొరపాట్లను సమాజం కొంత ఓర్పుతో చూడాలన్నది.

నాకు అన్నిటికంటె ధైర్యమిచ్చినది 2018 అక్టోబరు నాటి తీర్పు. మహారాష్ట్రకు చెందిన మహమ్మద్ ఇమ్రాన్ అనే యువ న్యాయవాది కేసు అది. చిన్న వయసులో ఒక కేసులో ఇరుక్కొని, 2004లో నిర్దోషిగా బయటపడ్డాడు. 2009లో పరీక్ష రాసి జడ్జి పదవికి ఎంపికయ్యాడు. ఫారంలో కేసు సంగతి, విడుదల సంగతి దాచకుండా రాశాడు. అయినా 2010లో నియామకం రద్దు చేశారు. ఎనిమిదేళ్ళు పోరాడాడు. గతాన్ని మనిషి మెడకు ఎప్పటికీ గుదిబండగా కట్టడం న్యాయం కాదనే భావంతో సుప్రీంకోర్టు అతని విషయం మళ్ళీ పరిశీలించమని ఆదేశించింది. అతను నిజం రాశాడు గనుకనే ఆ కోర్టు ముందు తలెత్తుకొని నిలబడగలిగాడు.

ఇవన్నీ సర్కారు ఉద్యోగాల తీర్పులు. ప్రైవేటు కంపెనీలకు వారి వారి నియమాలు ఉంటాయి. ప్రోగ్రామరు ఉద్యోగానికి రాష్ట్రంలో లైసెన్సు అంటూ లేదు. వకీలుకు, డాక్టరుకు ఉన్నట్టు కౌన్సిలు లేదు. పాత కేసు ఉన్నవాడు ఈ పని చేయరాదని ఏ చట్టమూ చెప్పలేదు. అడ్డం వచ్చేది ఒక్క తనిఖీ. ఆ తనిఖీ ఎలా జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది.

ఎంపిక అయిన తర్వాత కంపెనీవారు ఆ పనికే ఉన్న మరొక సంస్థకు మన వివరాలు ఇస్తారు. వారు చదువు, చిరునామా, పాత ఉద్యోగం చూస్తారు. కోర్టు రికార్డుల్లో పేరు వెతుకుతారు. ఇప్పుడు కోర్టు కేసులు చాలావరకు ఇంటర్నెట్టులో కనిపిస్తాయి. కనుక "ఎవరికి తెలుస్తుంది లే" అన్న రోజులు పోయాయి. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పేరు, తండ్రి పేరు పెట్టి వెతుకుతారు. మన పేర్లు ఎన్ని ఇళ్ళల్లో అవే ఉంటాయో మీకు తెలుసు. ఒకచోట మహమ్మద్, ఒకచోట ఎం.డి., ఇంకొకచోట మొహద్. ఏ కేసూ లేని అబ్బాయి పేరు మీద ఎవరిదో కేసు తేలవచ్చు. అందువల్ల ఆధార్, టెన్త్ మెమో, డిగ్రీ పట్టా, అన్నిటిలో పేరు ఒకే తీరున ఉండేటట్టు చూసుకోండి. తనిఖీలో పొరపాటు వస్తే భయపడి మాట్లాడకుండా ఉండవద్దు. పుట్టిన తేదీ, చిరునామా చూపించి, ఆ మనిషి నేను కానని రాతపూర్వకంగా చెప్పండి.

కేసు ఉన్నవారు చేయవలసినవి కొన్ని చెబుతాను.

మొదటిది, మీ విషయం ఏ రకమైనదో తెలుసుకోండి. ఠాణాకు పిలిచి, ఎఫ్.ఐ.ఆర్. లేకుండా పంపించినది ఒక రకం. శాంతిభద్రతల కోసం ముందు జాగ్రత్తగా పట్టుకొని బైండోవరు చేసినది ఇంకొక రకం; దానిలో నేరం రుజువైనట్టు కాదు. కేసు కోర్టులో నడుస్తున్నది వేరు. కొట్టివేసినది వేరు. చట్టం అనుమతించిన నేరాల్లో రాజీ అయితే అది విడుదలతో సమానం. శిక్ష పడినది వేరు. "నా మీద కేసుంది" అని బెంగపడే కుర్రవాళ్ళలో తన కేసు ఏ రకమో తెలియనివాళ్ళు ఎక్కువ.

రెండోది, తీర్పు నకలు తీసుకోండి. కోర్టులో నకళ్ళ విభాగంలో దరఖాస్తు పెడితే ధ్రువీకరించిన ప్రతి ఇస్తారు. రెండు ప్రతులు తీసుకొని ఇంట్లో భద్రంగా పెట్టండి. అది సిగ్గుపడవలసిన కాగితం కాదు, మీ సర్టిఫికెట్లలో ఒకటి.

మూడోది, ఫారంలోని ప్రశ్న నిదానంగా చదవండి. "శిక్ష పడినదా" అని అడిగితే దానికి జవాబు. "కేసు పెండింగులో ఉన్నదా" అంటే దానికి జవాబు. "ఎప్పుడైనా అరెస్టు అయ్యారా" అంటే దానికీ నిజమే జవాబు. అడగని చోట పాత కథంతా చెప్పుకోనక్కరలేదు, బయోడేటాలో రాయనక్కరలేదు. అడిగిన చోట మూడు వాక్యాలు చాలు: ఏ సంవత్సరం, ఏమి కేసు, ఎలా ముగిసింది. తీర్పు నకలు జతపరిచానని రాయండి. ఏడుపు వద్దు, ఎవరినీ తిట్టవద్దు.

నాలుగోది, "తప్పు ఒప్పుకొని ఫైను కట్టేయ్, కేసు పోతుంది" అని ఎవరైనా అంటే ఆగండి. ఒప్పుకొని జరిమానా కట్టడమంటే శిక్ష పడినట్టే. తాగి బండి నడిపిన కేసు కూడా అంతే. వకీలును అడగకుండా ఒప్పుకోవద్దు. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివారికి సంగారెడ్డి కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. 1987 చట్టం కింద ఆదాయం తక్కువ ఉన్నవారికి, ఆడవారికి, కస్టడీలో ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100.

అయిదోది, పద్దెనిమిదేళ్ళు నిండకముందు జరిగినదైతే 2015 బాలల న్యాయ చట్టం వారికి అండ. పిల్లవాడి మీద ఆ మచ్చ ఉండరాదనేదే దాని ఉద్దేశం. ఫారం నింపేముందు వకీలుకు ఆ సంగతి తప్పక చెప్పండి. పెద్దవారి విషయంలో రికార్డు చెరిపివేసే సాధారణ చట్టం మన దేశంలో లేదు. "ఇన్ని వేలు ఇస్తే ఆన్‌లైన్‌లో మీ కేసు తీసేయిస్తాం" అనేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి.

ఇంత చెప్పినా ఒక మాట దాచకూడదు. నిజం రాసినా కొన్ని కంపెనీలు తీసుకోవు. బ్యాంకుల పని చేసే కంపెనీలు మరీ గట్టిగా చూస్తాయి. అటువంటప్పుడు చేతిలో పని ఉండాలి. ఈ వృత్తిలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది, చేసిన పని చూపించవచ్చు. ఒక దుకాణానికి లెక్కల ప్రోగ్రాము, ఒక బడికి హాజరు పట్టిక, ఏదైనా సరే, నడిచే వస్తువు ఒకటి చేసి పెట్టుకోండి. అమెరికాలో సాన్ క్వెంటిన్ జైలులో 2014లో ఖైదీలకే ప్రోగ్రామింగు నేర్పడం మొదలుపెట్టారు. శిక్ష పడినవారు కూడా అది నేర్చుకొని బయట ఉద్యోగాల్లో చేరారు. మన పిల్లలకు ఎందుకు చేతకాదు?

మేము రాసే ప్రోగ్రాములకు చరిత్ర దాచే పద్ధతి ఒకటి ఉంటుంది. ఎవరు ఏ రోజున ఏ వరుస రాశారో, ఏ తప్పు చేశారో, ఎప్పుడు దిద్దారో అన్నీ అందులో ఉంటాయి. నా పాత తప్పులు వందలకొద్దీ అందులో అందరికీ కనిపిస్తాయి. దానిని చూసి ఎవరూ నన్ను వెలివేయలేదు. దిద్దావా లేదా అనే చూస్తారు.

ఇక పెద్దలకు ఒక మనవి. జైలునుంచి వచ్చిన కుర్రవాణ్ణి పెళ్ళి సంబంధాల దగ్గర, చాయ్ హోటల్ దగ్గర పదేళ్ళ తర్వాత కూడా ఆ పేరుతోనే పిలుస్తాము. కంపెనీ ఫారం ఒకసారి అడుగుతుంది. మనం రోజూ అడుగుతాము. ఈ అలవాటు మానుకోవాలి. సంఘం తరఫున ఒక వకీలును, ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తులను నెలకు ఒక ఆదివారం కూర్చోబెడితే, ఇటువంటి పిల్లలకు కాగితాలు చూసి, ఫారం నింపడం నేర్పవచ్చు. నేను ఆ ఆదివారం ఇవ్వడానికి సిద్ధం.

కంది దగ్గర రోడ్డు మీద వెళ్తుంటే మీరు చూసే ఉంటారు. ఆ ఒక్క ఊళ్ళోనే ఐ.ఐ.టి. ఉన్నది, కొత్త జైలూ ఉన్నది. మన పిల్లలు రెండింటి ముందునుంచీ బస్సులో పోతుంటారు. పొరపాటున ఒక గుమ్మం తొక్కినవాడికి రెండో దారి మూసుకుపోయిందని మనం చెప్పకూడదు.

ఇస్నాపూర్ తల్లి సంగతి అడుగుతారేమో. నా కథ విన్న తర్వాత ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి కొడుకే "అమ్మీ, ఉన్నదే రాస్తా" అన్నాడు. మర్నాడు సంగారెడ్డి వెళ్ళి లోక్ అదాలత్ అవార్డు నకలుకు దరఖాస్తు పెట్టాడు. అది చేతికి రాగానే మూడు వాక్యాలు రాసి, జతపరచి పంపించాడు. పన్నెండు రోజులైంది. కంపెనీనుండి ఇంకా జవాబు రాలేదు. నిన్న రాత్రి కూడా ఫోను చేశాడు. "ఏమీ రాలేదు అంకుల్, కాని నిద్ర పడుతున్నది" అన్నాడు.

ఆ అబ్బాయి కోసం దువా చేయండి.